అతుకు వెంబడి కుట్టు

"మిషను తొక్కేది నేను. ఉత్త పెట్టె రుద్దేదానికి నీకు అంత ఆయాసమేందే?" అన్నాడు గంగాధరం, అప్పుడే కుట్టిన చొక్కా భుజాలను భార్య ముందుకు విసిరి.

దేవకమ్మ ఇస్త్రీ పెట్టె మూత తీసి బొగ్గుల మీది బూడిద ఊదింది. నిప్పు ఎర్రబడి ఆ సెగ ముఖాన కొట్టేసరికి కడుపులో తిప్పినట్టయింది. బల్ల అంచు పట్టుకుని కళ్ళు మూసుకుని ఆగింది. ఆగడం భర్త చూడకూడదు. అత్త అసలే చూడకూడదు. చూస్తే ఆమె ఏమనుకుంటుందో దేవకమ్మకు తెలుసు. కొన్నాళ్ళుగా తనూ అదే అనుకుంటోంది, అనుకున్నప్పుడల్లా అరికాళ్ళు చల్లబడుతున్నాయి.

తిరుపతిలో రైలు దిగి కొండకు పోయే జనం నడిచే వీధిలో వాళ్ళ ఇల్లు. ముందు వసారా అంగడి, వెనక రెండు గదులు సంసారం. యుద్ధం వచ్చి గుడ్డకు కంట్రోలు పెట్టాక కొత్తవి కుట్టించుకునేవాళ్ళు తగ్గారు గానీ, పాత కోట్లు విప్పి లోపలివైపు పైకి తిప్పి కుట్టించుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. గంగాధరానికి పని మాత్రం తగ్గలేదు. "గంగాధరం కుట్టిన చొక్కా భుజం మింద అట్నే కూర్చుంటాదప్పా" అని చంద్రగిరి నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్ళు. భుజం అట్లా కూర్చోవాలంటే కుట్టిన ప్రతి అతుకునూ లోపలివైపు తిప్పి, అంచులు విడదీసి, తడిగుడ్డ పరిచి ఇస్త్రీతో అణచాలి. అణిచాకే దాని మీదుగా ఇంకో కుట్టు పోవాలి. అణచకుండా కుట్టుకుంటూ పోతే అతుకులు కలిసిన చోట బొడిపె లేచి గుచ్చుకుంటుంది. ఈ సంగతి దేవకమ్మకు ఎవరూ చెప్పలేదు. కాపురానికి వచ్చిన కొత్తల్లో బట్టను చేత్తో తడిమి తడిమి తనే కనుక్కుంది. తెల్లారి నీళ్ళు తోడి, సంగటి గెలికి, ఇద్దరు ఆడపిల్లలకు జడలు వేసి, అత్తకు వేడినీళ్ళు పెట్టి, ఆ తర్వాత పొద్దుగూకేదాకా ఆ బల్ల దగ్గర నిలబడుతుంది. ఒకసారి ఎవరో పెద్దమనిషి కొలతలు ఇస్తూ, "మీ ఇంటామె కూడా ఏమన్నా పని చేస్తాదా?" అని అడిగాడు. "ఆమేం చేస్తాది సామీ, ఇంట్లో ఉంటాది" అన్నాడు గంగాధరం. అప్పుడు దేవకమ్మ గోడ ఇవతల ఆ పెద్దమనిషి కోటునే ఇస్త్రీ చేస్తోంది.

నెలకు మూడు రోజులు మాత్రం ఆమె ఏ పనీ చేయనక్కరలేదు. బయట చేరిన రోజులవి. దొడ్డివైపు కట్టెలు వేసుకునే చిన్న కొట్టం ఉంది. దాంట్లో ఒక మూల చాప, చెంబు, గిన్నె. అన్నం దూరం నుంచి పెడతారు. అంగడి గుడ్డ ముట్టకూడదు, పొయ్యి ముట్టకూడదు, బిడ్డలను ముట్టకూడదు. కొత్తలో ఆ మూడు రోజులూ ఆమె ఏడ్చేది. పిల్లలు పుట్టాక, పని పెరిగాక, ఎప్పుడొస్తాయా ఆ రోజులు అని ఎదురుచూడడం మొదలుపెట్టింది. ఆ మాట ఎవరితోనైనా అంటే నవ్వుతారు, లేదా తిడతారు. మైల అంటే అందరూ దూరం జరుగుతారు. దూరం జరిగితే ఎంత గాలి ఆడుతుందో జరిగినవాళ్ళకు తెలియదు.

ఆ కొట్టంలోనే ఆమె బొంత మొదలుపెట్టింది. అంగడిలో కత్తిరించగా మిగిలిన ముక్కల్లో పెద్దవాటిని గంగాధరం జేబులకూ పట్టీలకూ దాచుకునేవాడు. అరచేతికి మించని పీలికలు ఊడ్చి పారేసేవే. వాటిని మూటగట్టి కొట్టంలో పెట్టుకుంది. వీధిలో ఆడవాళ్ళు కుట్టే బొంతలు ఆమెకు తెలుసు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, ఈ చివర నుంచి ఆ చివరకు వరసగా కుట్టేస్తారు. అత్త భారతమ్మ కూడా అట్లాగే కుట్టేది. దేవకమ్మ ముందు ముక్కకు ముక్క అతికింది. ఇస్త్రీ పెట్టె ముట్టకూడదు కాబట్టి స్వర్ణముఖి ఏట్లో నుంచి తెచ్చుకున్న నున్నటి గుండ్రాయిని ఎండలో పెట్టి, అది కాలాక అతుకు మీద తడి అద్ది దాంతో అణిచేది. చొక్కాకైతే అంచులు రెండు పక్కలకూ విడదీయాలి. బొంతకు అట్లా కాదని ఆమె చేతికి తెలిసింది. విడదీస్తే బరువంతా ఒక్క దారం మీద పడి అతుకు నోరు తెరుస్తుంది. అందుకే అంచులు రెంటినీ కలిపి ఒకే పక్కకు, ముదురు రంగు ముక్క వైపుకు పడుకోబెట్టేది. లేత రంగు వైపు పడుకుంటే లోపలి అంచు నీడలాగా పైకి కనిపిస్తుంది. ఒక వరస అంచులు కుడికి పడుకుంటే కింది వరసవి ఎడమకు. అప్పుడు వరసలు కలిసిన చోట మందం లేవదు. అతకడం అయ్యాక అడుగున రెండు పాత చీరల మడతలు పరిచి, మూడింటినీ కలిపి కుట్టడం. అంచు పడుకున్న వైపు ఎత్తుగా ఉంటుంది, సూది దిగదు. రెండో వైపు పల్లంగా ఉంటుంది. ఆ పల్లంలో, అతుకును ఆనుకుని సూది పోనిస్తే దారం లోపలికి కుంగిపోతుంది. పైనుంచి చూసేవాళ్ళకు ముక్కలు కనిపిస్తాయి, కుట్టు కనిపించదు.

ఎవరూ ముట్టని బొంత అది. పిల్లలు దగ్గరికొస్తే భారతమ్మ అరిచేది, "దాన్ని అంటుకోవద్దు మే, అది బయటి బొంత." ఆ మాట విన్న ప్రతిసారీ దేవకమ్మకు లోలోపల తృప్తిగా ఉండేది. ఇంట్లో ఆమెది అని చెప్పదగినది అదొక్కటే. ఎవరూ అడగరు, ఎవరూ తీసుకోరు.

ఆ నెల ఆమె కొట్టంలోకి పోలేదు.

భారతమ్మ కనిపెట్టింది. కోడలు బయట చేరే రోజులు ఆమెకు తిథుల కన్నా బాగా గుర్తు. ఒకరోజు మధ్యాహ్నం దేవకమ్మ చేతిలోంచి బిందె తీసుకుని, "నువ్వు ఎత్తబాకమ్మా, నేను పోస్తాలే" అంది. అంత మెత్తని గొంతు దేవకమ్మ ఆ ఇంట్లో ఎప్పుడో విన్నది. మర్నాడు గంగాధరం మల్లెపూలు తెచ్చాడు. ఇస్త్రీకి చొక్కాలు విసరలేదు, బల్ల మీద పెట్టాడు. "ఈ సారి మగబిడ్డే" అంది భారతమ్మ, చింతపండు గింజలు తీస్తూ, తనలో తను అనుకున్నట్టుగా. "ఆ కొట్టంలో బొంత ఉండాదే, దాన్ని ఉడకబెట్టి ఉతికి, ముక్కలు తీసేసి, మెత్తగా ఉండేదంతా బిడ్డ కిందికి చేస్తాం. నూలు గుడ్డ దొరికే కాలమా ఇది?"

దేవకమ్మ ఆ రోజంతా ఇస్త్రీ చేస్తూనే ఉంది గానీ ఏం చేసిందో ఆమెకు తెలియదు. బిడ్డ అనగానే తల్లి మనసు పొంగాలి అంటారు. తన మనసు ఎందుకు రాయిలాగా అడుక్కు దిగిపోతోంది? నేను రాక్షసినా? ముందు పుట్టిన ఇద్దరినీ నేను ప్రేమించలేదా? చిన్నది జ్వరం పడితే మూడు రాత్రులు ఒడిలోంచి దించలేదే. మరి ఇప్పుడు ఈ కడుపును చూస్తే నాకెందుకు చావే గుర్తొస్తోంది? గుర్తు రాక ఏమవుతుంది. కిందటి కాన్పుకు మంత్రసాని చేతులెత్తేసింది. జట్కాలో పాదిరీల మిషను ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారి పొడుగునా రక్తం. మగబిడ్డ, ఏడవకుండానే పోయాడు. ఆమె బతికింది. ఇంటికి పంపించే రోజు డాక్టరమ్మ వరండాలో నిలబడి గంగాధరంతో, వచ్చీరాని తెలుగులో, ఒక్కో మాటా వత్తి చెప్పింది. "ఇంకొక కాన్పు వద్దు. వస్తే ఈమె బతకదు. మీకు అర్థమైందా?" గంగాధరం చేతులు జోడించి "అట్నేనమ్మా" అన్నాడు. జట్కా వీధి మలుపు తిరగగానే, "ఆ డాక్టరమ్మకు మొగుడూ లేడు, బిడ్డలూ లేరంట. ఆమెకేం తెలుసు కాపరం గురించి" అన్నాడు. దేవకమ్మ అప్పుడు నవ్వడానికి ప్రయత్నించింది. భర్త ఏదో సరసం మాట అన్నాడనుకుంటే బాగుంటుందని. ఆ తర్వాత నుంచి రాత్రి దీపం తగ్గించే వేళ ఆమె ఊపిరి బిగబట్టుకుని పడుకునేది. వద్దు అనే మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఉండిపోయేది. మొగుడితో వద్దు అనే ఆడది ఎలా ఉంటుందో ఆమె ఎక్కడా చూడలేదు. పుట్టింట, పాకాలలో వాళ్ళమ్మ అనలేదు, అత్త అనలేదు, వీధిలో ఎవరూ అనలేదు. అన్నా బయటికి వినబడి ఉండదు.

పక్కింటి సంతోషమ్మ మిషను ఆసుపత్రిలో ఆయా. దొడ్డి గోడ అవతల బట్టలు ఆరేస్తూ, దేవకమ్మ ముఖం చూసి ఆగింది.

"ఏమ్మే, మీ అత్త వీధంతా చెప్తా ఉండాది. నువ్వు మాత్రం శవం మాదిరి ఉండావే."

దేవకమ్మ అటూ ఇటూ చూసి గోడ దగ్గరికి పోయింది. "భయంగా ఉండాదక్కా. సచ్చిపోతానని."

సంతోషమ్మ తడి చీరను గోడ మీద వేసింది. "డాక్టరమ్మ కాడికి రా. నేను తీసకపోతా."

"ఆమె ఏం చేస్తాది ఇప్పుడు?"

"ఏం చేస్తాదో నాకు తెలీదు. చెప్తే వింటాది. అది తెలుసు." తర్వాత గొంతు తగ్గించి అంది. "ఈ గండం గడిస్తే, మళ్ళా కడుపు రాకుండా చూసుకో. ఆయప్ప పడుకునే గదిలో నువ్వు పడుకోబాక. అంతకన్నా మంచి మందు నేను ఆసుపత్రిలో కూడా చూళ్ళేదు."

"ఇంట్లో ఉండేది రెండు గదులే అక్కా."

"రెండు ఉండాయి కదా" అంది సంతోషమ్మ.

వచ్చే శుక్రవారం ఆసుపత్రికి పోదామని అనుకున్నారు. అంతదాకా పోవలసిన పని పడలేదు. బుధవారం పొద్దున దేవకమ్మ ఒక నల్ల కోటు భుజాన్ని అణుస్తోంది. నడుములోంచి పాములాగా ఒక నొప్పి చుట్టుకుని కిందికి దిగింది. తొడల మీద వెచ్చగా తడి. ఆమె మొదట ఇస్త్రీ పెట్టెను కోటు మీంచి తీసి పళ్ళెంలో నిలబెట్టింది. తర్వాత బల్ల పట్టుకుంది. గంగాధరం మిషను దగ్గర్నుంచి తల ఎత్తి, "ఏంది?" అన్నాడు. "ఏం లేదు" అంది. గోడ పట్టుకుని దొడ్లోకి నడిచి, కొట్టంలోకి పోయి, బొంత పక్కకు తోసి ఉత్త చాప మీద పడుకుంది.

భారతమ్మ చూసి గుండెలు బాదుకుంది. "నా మనవడు పోయినాడే, నా వంశం పోయిందే" అని దొడ్లో కూర్చుని ఏడ్చింది. గంగాధరం వాకిట్లోంచే, "బరువులెత్తబాకని చెప్పినా కదా" అన్నాడు. అతను ఎప్పుడు చెప్పాడో దేవకమ్మకు గుర్తు రాలేదు. తర్వాత మిషను చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఎండ ఎక్కేసరికి రక్తం తగ్గలేదు. అన్నం గిన్నె గడప దగ్గర పెట్టడానికి వచ్చిన భారతమ్మ వంగి లోపలికి చూసింది. చూసి, గిన్నె కింద పెట్టేసి, ఒక్క అంగలో కొట్టంలోకి వచ్చేసింది. అన్నేళ్ళలో ఆమె ఆ గడప దాటి లోపలికి రావడం అదే. కోడలి తల ఒడిలోకి తీసుకుంది. కేకేసి సంతోషమ్మను పిలిచింది. సంతోషమ్మ పరుగున వచ్చి, కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తి, ఆసుపత్రికి పోయి ఏదో మందు తెచ్చి పట్టింది. డాక్టరమ్మ సాయంత్రం తనే వస్తానందని చెప్పింది. వచ్చి చూసింది కూడా. గండం లేదు, అంతా పోయింది, కదలకుండా పడుకోవాలి అంది.

వాళ్ళు పోయాక భారతమ్మ అక్కడే కూర్చుంది. మైల పడింది కాబట్టి తలస్నానం చేసేదాకా ఇంట్లోకి పోకూడదు. పోవాలని ఆమెకూ లేనట్టుంది. కొట్టం మూల సీసాలో మిగిలిన కొబ్బరినూనె కోడలి మాడుకు అద్దుతూ, "ఏడ్చుకోమ్మా. కడుపులో పెట్టుకోబాక" అంది.

దేవకమ్మ పైకప్పు తాటాకుల వైపు చూసింది. ఒళ్ళంతా ఖాళీగా, తేలికగా ఉంది. జ్వరం దిగిన తెల్లవారు ఎలా ఉంటుందో అలా ఉంది. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

"నాకు ఏడుపు రాలేదత్తా. బతికినాననిపిస్తా ఉండాది."

అనేశాక చెంపదెబ్బ పడుతుందని కళ్ళు మూసుకుంది. మాడు మీద చెయ్యి ఆగింది. ఆగి, మళ్ళీ కదిలింది.

"తొమ్మిది మందిని కన్నాను నేను" అంది భారతమ్మ. "మిగిలింది నలుగురు. ఎనిమిదో బిడ్డ తర్వాత నాకు నడుము పడిపోయింది. గోడ పట్టుకోకుండా లేయలేకపోతి. ఇంక వద్దు సామీ అని కొండకు మొక్కుకున్నా. మొక్కు దేవుడికి చెప్పుకున్నా గానీ మీ మామకు యాడ చెప్పేది?" ఆమె నూనె చేతిని తన చీరకు తుడుచుకుంది. "ఆ తొమ్మిదోవాడే నీ మొగుడు. కడుపులో ఉండంగా వాడు పోతే బాగుండునని ఎన్ని దినాలు అనుకున్నానో. పుట్టినాక వాడి ముఖం చూసి ఎంత ఏడ్చినానో. రెండూ నిజమే మే. ఈ పొద్దుదాకా ఎవురికీ చెప్పలే."

అప్పుడు వచ్చింది దేవకమ్మకు ఏడుపు. అది దుఃఖం కాదు. ఇంతకాలం తను ఒక్కతే రాక్షసి అనుకున్న చోట పక్కన ఇంకో మనిషి కూర్చుని ఉంది. దీపాలు పెట్టే వేళదాకా దేవకమ్మ తల భారతమ్మ ఒడిలోనే ఉంది.

డాక్టరమ్మ మాట కాబట్టి ఆ సారి కొట్టంలో ఎక్కువ రోజులే ఉంది. బలం వచ్చే కొద్దీ సూది చేతిలోకి తీసుకుంది. మిగిలింది చివరి నాలుగు వరసలు. ఒక్కో అతుకునూ బొటనవేలితో తడిమి, పల్లం ఏ వైపు ఉందో చూసుకుని, దాని వెంబడే పోయింది. చేతులు పని చేస్తుంటే మనసు ఒక విషయం దగ్గరికి పోయి వచ్చేది, మళ్ళీ పోయేది. రెండు గదులు ఉండాయి కదా. ఒకదాంట్లో భర్త మంచం. రెండోదాంట్లో నేల మీద అత్త, పిల్లలు. ఇన్నాళ్ళూ తను అడగడం గురించే ఆలోచించింది. ఎలా అడగాలి, ఏ వేళ అడగాలి, ఆయన మంచి మాట మీద ఉన్నప్పుడా, తిన్నాకా. కుట్టు చివరికి వచ్చి ముడి వేసేటప్పుడు తోచింది, ఇది అడిగే సంగతి కాదని. తన ప్రాణం తను ఉంచుకోవడానికి ఎవరి సెలవు కావాలి?

స్నానం చేసి ఇంట్లోకి వచ్చిన రోజు ఆమె బొంతను ఉతికి దొడ్లో ఎండకు ఆరేసింది. సాయంత్రం అందరూ తిన్నాక దాన్ని మడిచి భుజాన వేసుకుని లోపలికి వచ్చింది. గంగాధరం తాంబూలం వేసుకుంటున్నాడు.

"ఆ ముట్టు బొంత ఇంట్లోకి ఎందుకు తెస్తా ఉండావు?"

"పడుకునేదానికి." రెండో గదిలో నేల మీద బొంత పరిచింది. పిల్లలిద్దరూ ఆశగా దాని అంచున నిలబడ్డారు. వాళ్ళను పడుకోమని సైగ చేసింది. పెద్దది ఆదిలక్ష్మి ఒక్కో ముక్కనూ వేలితో తాకి, ఇది ఎవరి చొక్కా, ఇది ఎవరి పావడా అని చెల్లెలికి చెప్పసాగింది. "ఈ పొద్దు నుంచి నేను ఈడ పడుకుంటా. బిడ్డల కాడ."

"ఎన్ని దినాలు?"

"దినాల లెక్క లేదు. డాక్టరమ్మ నీకు చెప్పింది. నువ్వు అట్నే అన్నావు."

గంగాధరం ముఖం నల్లబడింది. వక్క ఉమ్మి వచ్చి, "అయితే నేను ఇంకో పెండ్లి చేసుకోవాల్సిందే" అన్నాడు. ఆ మాటకు ఆమె కాళ్ళ మీద పడుతుందని అతని నమ్మకం. అంతకు ముందెప్పుడో చిన్న గొడవకే ఆ మాట అంటే పడింది కూడా.

"చేసుకో" అంది దేవకమ్మ. చిన్నదాని తల కింది బొంత మడత సరిచేసింది. "నేను అడ్డం రాను. నేను చావదల్చుకోలే, అంతే."

అతను గడప దాకా వచ్చాడు. ఆ గడపకు అడ్డంగా, తలకింద చెయ్యి పెట్టుకుని, భారతమ్మ పడుకుని ఉంది. ఎప్పుడు వచ్చి పడుకుందో ఎవరూ చూడలేదు. రోజూ ఆమె పడుకునే చోటు అది కాదు.

"లేమ్మా, లోపలికి పోవాల" అన్నాడు గంగాధరం.

"లోపల ఆడోళ్ళు పడుకోనుండారు. నువ్వు మిషను కాడికి పో."

"ఏంది, నువ్వు కూడానా?"

భారతమ్మ లేవలేదు. చీర కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకునే చెప్పింది.

"మీ నాయన బతికుండంగానే నాకు ఇట్ల ఒకరు అడ్డం పడుకోనుండాల్సిందిరా."

లోపల దేవకమ్మ ఇద్దరు బిడ్డల నడుమ చోటు చేసుకుని, బిగబట్టిన ఊపిరి వదిలి, కాళ్ళు బారజాపుకుంది.